బొంగరాలకు తాకట్టుపడిన పేరు

పగడాల రేవులో అలలు కూడా ఠీవిగా వచ్చి పోతాయని తామ్రకూట రాజ్యంలో ఒక మాట ఉంది. ఆ మధ్యాహ్నం సముద్రం కరగబోసిన ఇంద్రనీలంలా మెరుస్తోంది. దూరదీవుల నుంచి వచ్చిన ఓడలు నెమలిపురి రంగుల తెరచాపలు ముడుచుకుని ఒద్దికగా నిలబడి ఉన్నాయి. గంధపు దుంగలు దించే చోట గాలి చల్లగాను, మిరియాల బస్తాలు దించే చోట ఘాటుగాను వీస్తోంది. ఏనుగులు పన్నీటి పీపాలను తొండాలతో దొర్లిస్తున్నాయి. దీపస్తంభం నెత్తిన పద్మరాగాలు పొదిగిన కలశం ఎండకు నిప్పుకణికలా వెలుగుతోంది.

ఇంత వైభవాన్నీ ఆ రోజు ఎవరూ తలతిప్పి చూడటం లేదు. అందరి కళ్ళూ ఉప్పుకొట్ల ముందున్న ఇసుక మీదే. అక్కడ చిన్న కళ్ళమంత గుండ్రని గీత ఒకటి గీసి ఉంది. దాని నడుమ, నెత్తిన గొడుగు లేకుండా, ఆ రాజ్యానికి ఏకైక యువరాజు తారకేతు నిలబడి ఉన్నాడు.

తామ్రకూటంలో బాకీగీతను మించిన శాసనం లేదు. అప్పిచ్చినవాడు, తీసుకున్నవాణ్ణి ఎక్కడ పట్టుకుంటే అక్కడే తన చేతికర్రతో వాడి చుట్టూ గీత గీయవచ్చు. అప్పిచ్చినవాడు తన నోటితో ‘ముట్టింది’ అనేదాకా లోపలివాడు గీత దాటరాదు. దాటితే ఆ క్షణమే తాకట్టు అప్పిచ్చినవాడికి చెల్లిపోతుంది. దాటకుండా నిలబడ్డా, వాడి కంటికి ఆ రోజు సూర్యుడు కనిపించినంతసేపే గడువు. రాజుకైనా కూలికైనా ఇదే నియమం. బయటివాళ్ళు మాట్లాడవచ్చు, గడ చివర కట్టి నీళ్ళందించవచ్చు, కాలు మాత్రం లోపల పెట్టకూడదు. పెట్టినవాళ్ళు ఆ అప్పుకు పూచీ పడ్డట్టే. అందుకే ఆ దేశంలో కన్నతల్లి అయినా కొడుకు గీత దగ్గరికి వెళ్ళేటప్పుడు కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నడుస్తుంది.

తారకేతు తాకట్టు పెట్టింది పొలం కాదు, నగ కాదు. తన పేరు.

పసితనంలో పట్టుకున్న బొంగరాల పిచ్చి అతన్ని మీసాలొచ్చినా వదల్లేదు. కోటలో ఒక మండపమంతా బొంగరాలే. ఏనుగు దంతంతో చెక్కినవి, తిరిగితే తుమ్మెదలా ఝుమ్మనే కొమ్ము బొంగరాలు, నీళ్ళ మీద ఆడే బెండు బొంగరాలు, గోరంత గురువింద బొంగరాలు, నలుగురు పట్టి తాడు లాగితే గాని కదలని ఇనుప బొంగరం. ఎవరైనా కొత్త బొంగరం ఉందంటే చాలు, అతనికి అన్నం సహించేది కాదు. విసిగిపోయిన రాజు ఖజానా తలుపులు మూయించాడు. అప్పుడే రేవులో కొత్తగా దుకాణం తెరిచిన మేచకుడనే వడ్డీవర్తకుడు వినయంగా చేతులు నులుముకుంటూ ఎదురయ్యాడు. ముందు బాకు తాకట్టుపడింది. తరవాత గుర్రం. ఆ తరవాత వడ్డీకి వడ్డీ. చివరికి చంద్రోదయం నుంచి చంద్రాస్తమయం దాకా ఆగకుండా తిరిగే చంద్రకాంత శిల బొంగరం ఒకటి అమ్మకానికి వచ్చింది. తన దగ్గర పెట్టడానికి ఇంకేమీ లేదని తారకేతు చెబితే, పేరుంది కదా అని మేచకుడు నవ్వాడు. అదేదో పరిహాసమనుకుని తారకేతు వేలిముద్ర వేసేశాడు. బొంగరాన్ని ఇంటికి చేర్చే తొందరలో వేలికంటిన మసి కూడా కడుక్కోలేదు.

పేరు పోవడమంటే ఏమిటో అతనికి ఆ ఉదయమే తెలిసింది. మేచకుడి నల్ల ఓడలో తెడ్లు వేసేవాళ్ళలో ఒకణ్ణి ఎక్కడో చూసినట్టనిపించి పలకరించాడు. వాడు ఒకనాడు కోటలో విలువిద్య నేర్పిన గురువని, తారకేతు చుట్టూ గీత గీస్తూ మేచకుడే చెప్పాడు. అప్పు తీర్చలేక పేరు పోగొట్టుకున్నాడు. పిలిస్తే పలకడు, పెళ్ళాం ఎదురొస్తే ఎవరమ్మా నువ్వని అడుగుతాడు, ఆవిడా వాణ్ణి గుర్తుపట్టలేదు. ఆ పేరు ఇప్పుడు మేచకుడి సొత్తు. కావాలంటే ఆ పేరు తొడుక్కుని, ఆ మనిషి రూపంతోనే వాడి ఇంట్లో పీట వేసుకుని కూర్చోగలడు. తారకేతు పేరే వాడికి చిక్కితే కోటగుమ్మాలు వాటంతటవే తెరుచుకుంటాయి. రాణీవారు హారతి పళ్ళెంతో ఎదురొస్తారు.

ఎండ కాస్త వాలేసరికి జనాన్ని మోచేతులతో తోసుకుంటూ ఒక పడవవాడు గీత దగ్గరికి వచ్చాడు. నెత్తిన మాసిన పాగా, బుగ్గలకు తారు, చేతిలో చివర కొక్కెమున్న పొడవాటి గడ. గడకు తగిలించిన ముంతలోని నీళ్ళు తాగుతూ ఆ కళ్ళు చూసి తారకేతు గుర్తుపట్టాడు. ఆమె అశ్వదళపతి కూతురు వరాళి. చిన్ననాటి నుంచీ ఇద్దరూ ఒకే గరిడీలో కత్తి తిప్పారు. కోట మనుషులను మేచకుడి కాపలావాళ్ళు గీత ఛాయలకు రానివ్వడం లేదు కాబట్టి ఈ వేషం. గీత పడగానే బొంగరాలన్నీ అంగట్లో పెట్టి అమ్మేయమని అతడే ఆమెకు కబురంపాడు.

“అన్నీ అమ్మావా?” అని మెల్లగా అడిగాడు.

“అమ్మాను కుమారా. మీరు బంగారం పోసి కొన్నవాటిని వాళ్ళు కట్టెపేళ్ళ లెక్కన అడిగారు. దంతపుదొక్కటే కాస్త పలికింది. కొమ్ము బొంగరం చూసి ఒకాయన మజ్జిగ చిలకడానికి పనికొస్తుందా అన్నాడు.”

“చంద్రకాంతం?”

“మీకమ్మిన పెద్దమనిషే తిరిగి కొననన్నాడు. పగలు తిరగదట కదా, తిరగని బొంగరాన్ని ఏం చూసి తీసుకోమంటావన్నాడు. అప్పటికి వాణ్ణి కొట్టకుండా వచ్చాను, అది మీరు మెచ్చుకోవాలి.”

అంతా కలిపినా అప్పులో సగానికే సరిపోయిందనీ, ఆ సొమ్ము రేవు పెద్ద సారంగమ్మ దగ్గర జమ చేశాననీ చెప్పి, మిగిలినదాని కోసం మహారాజు కాళ్ళు పట్టుకోనా అని ఆమె అడిగింది.

“వద్దు. ఆ బొంగరాల మోజు నాది. వేలిముద్ర నాది. తీర్చే దారి కూడా నేనే చూసుకుంటాను. నువ్వు మాత్రం గడ చేతిలోంచి వదలకు.”

ఇంతలో జనం పాయలుగా చీలారు. పేరులేని బోయీలు మోస్తున్న పల్లకీ గీత అంచున దిగింది. అందులోంచి మేచకుడు దిగాడు. తేలు తోకలా వంగిన ముక్కు, బూడిదరంగు పట్టు అంగీ, వేళ్ళకు చేప కళ్ళలాంటి ఉంగరాలు. చంకలో తాబేటి చిప్పతో చేసిన పెట్టె. సూర్యుడు దీపస్తంభం వైపు జారడం చూసుకుని, పొద్దుపోకకు ఉండాలి కదా అన్నట్టు పెట్టె మూత తెరిచి తారకేతుకు కనబడేలా పట్టుకున్నాడు. లోపల మఖమలు పరుపు మీద వరసలు వరసలుగా చిన్న శంఖాలు. ఒక్కొక్కదాని నోటికి లక్కముద్ర. ఒక్కొక్కదానిలో ఒక మనిషి పేరు.

మేచకుడు ఒక్కో శంఖాన్ని వేలికొనతో తాకుతూ అది ఎవరిదో, ఎలా దొరికిందో వర్ణించసాగాడు. వింటున్న తారకేతుకు భయం వేయాలి. వేయలేదు. ఆ వేలు కదిలే తీరు అతనికి బాగా తెలుసు. మచ్చలేనివి ముందు వరసలో, పగుళ్ళున్నవి వెనక వరసలో సర్దడం తెలుసు. ఎదుటివాడు విన్నా వినకపోయినా చెప్పుకుపోయే ఆ గొంతు తెలుసు. అన్నిటికంటే బాగా తెలిసింది, పెట్టె నట్టనడుమ ఉన్న ఖాళీ గుంట. దాంట్లో ముద్ర వేయని ఉత్త శంఖం ఒకటి నోరు తెరుచుకుని ఉంది. మేచకుడి చూపు ప్రతి మాటకూ ఒకసారి అక్కడికి వెళ్ళి వస్తోంది. వీడు వడ్డీకోసం బతికేవాడు కాదు, నాలాంటివాడే అని తారకేతుకు అర్థమైంది. అలాంటివాణ్ణి ఎక్కడ కొట్టాలో కూడా అర్థమైంది.

“పెట్టె బాగుంది మేచకా. పాపం, నా పేరు వచ్చాక కూడా అది నిండదు,” అన్నాడు.

మేచకుడి వేలు ఆగిపోయింది. “ఏమన్నావు?”

“మా వంశంలో నామకరణం నాడు తండ్రి బియ్యంలో రాసేది ఒక పేరు. తల్లి చెవిలో చెప్పేది ఇంకొక పేరు. లోకం పిలిచేది మొదటిది. రెండోది గుట్టు పేరు, అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నువ్వు తాకట్టు పట్టింది పైపేరు. గుట్టు పేరు లేకుండా దాన్ని ఆ గుంటలో పెట్టుకుంటే, కరి మింగిన వెలగపండు పెట్టుకున్నట్టే.”

అబద్ధమని మేచకుడు కొట్టిపారేశాడు. తారకేతు ఇసుకలో మోకాళ్ళమీద కూర్చుని చూపుడువేలితో రాయడం మొదలుపెట్టాడు. నకిలీ వస్తువును సేకరించేవాడు ఆమడ దూరం నుంచి పసిగడతాడని అతనికి తెలుసు. అందుకే తన అసలు గుట్టు పేరే రాశాడు. మొదటి అక్షరాలు పడగానే మేచకుడి పెట్టెలో ఉత్త శంఖం సన్నగా ఊదినట్టు మోగింది. నిజమైన పేరు వాసన దానికి తగిలింది. మేచకుడి ముఖంలో రంగు మారింది.

వీపు అడ్డం పెట్టి తారకేతు మిగతా అక్షరాలు రాశాడు. మేచకుడు గీత చుట్టూ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు కొంగలా మెడ చాపుకుని తిరిగాడు. మొదటి సగం కనబడుతోంది. రెండో సగం కనబడటం లేదు. సాయంకాలపు సముద్రపు గాలి లేచింది. అక్షరాల పల్లంలోకి ఇసుక రేణువులు ఒక్కొక్కటే జారుతున్నాయి. ఇంకాస్తసేపు ఆగితే ఆ పేరు ఇక ఈ జన్మకు దొరకదు. మేచకుడు పెట్టెను గుండెకు హత్తుకున్నాడు, ముందుకు వంగాడు. అతని కుడికాలు గీత లోపల పడింది.

 తారకేతు అరచేత్తో అక్షరాలు తుడిచేసి లేచి నిలబడ్డాడు.

రేవు పెద్ద సారంగమ్మ అరుగు మీద నుంచి కర్ర పోటు వేసుకుంటూ దిగివచ్చింది. తలపండిన ముసలావిడ, మూడు తరాల బాకీ తగువులు తీర్చింది. “మేచకా, పూచీ పడ్డావు నాయనా. యువరాజు తరఫున సగం నా దగ్గర జమ ఉంది. మిగతా సగం నువ్వు నీకే ఇచ్చుకోవాలి. ఇచ్చుకుని, ముట్టింది అను. ఇవ్వకుండా గీత దాటావో, పూచీదారువు కాబట్టి నీ పేరే చెల్లిపోతుంది. తొందరగా కానీ, పొద్దుటి నుంచీ నేను ఎంగిలిపడలేదు.”

జనంలో నవ్వు పుట్టింది. వరాళి అందరికంటే గట్టిగా నవ్వింది. మేచకుడు నవ్వలేదు. మెల్లగా నిటారుగా నిలిచాడు. అంగీ లోపల ఏదో పాకినట్టయింది, ఉంగరాల్లోని చేప కళ్ళు రెప్పలు విప్పాయి. అప్పటిదాకా వడ్డీవర్తకుడనుకున్నవాడు మాంత్రికుడని రేవుకు అప్పుడు తెలిసింది.

“గీత దాటకూడదన్నారు. గీతను ఎత్తుకుపోకూడదని ఏ శాసనంలోనూ లేదు,” అంటూ కాలితో నేలను తన్నాడు.

గీత లోపలి ఇసుక గడ్డకట్టి, నేల నుంచి పెళ్ళున ఊడి, పెద్ద పళ్ళెంలా పైకి లేచింది. లేస్తూనే గిరగిరా తిరగసాగింది. ఉప్పుకొట్ల కప్పులు ఎగిరిపోయాయి. ఏనుగులు ఘీంకరిస్తూ చెదిరాయి. అది దీపస్తంభం ఎత్తుకు చేరేలోపు వరాళి పరుగున వచ్చి గడ ఎత్తి కొక్కేన్ని దాని అడుగున గుచ్చింది. మరుక్షణం ఆమె కాళ్ళు నేలను వదిలాయి.

“కాలు గీతలో పెట్టలేదు సారంగమ్మా, చూసుకో,” అన్న ఆమె కేక గాలిలో కలిసిపోయింది.

పళ్ళెం రేవు దాటింది, ఓడల తెరచాప కొయ్యలు దాటింది, నడిసముద్రం మీదికి వచ్చింది. కింద మేచకుడి నల్ల ఓడ యజమాని వెంటే తెడ్లు వేసుకుంటూ వస్తోంది. తన దీవి చేరేలోపు సూర్యుడు మునుగుతాడనీ, ఆ తరవాత తామ్రకూట సింహాసనం మీద తారకేతు రూపంలో కూర్చునేది తానేననీ మేచకుడు చెప్పుకుపోతున్నాడు. అంతలో మాట ఆపి పడమర వైపు చూశాడు. రేవులో ఉండగా సముద్రపు అంచును తాకబోయిన సూర్యుడు మళ్ళీ పైకి లేచి ఉన్నాడు. పళ్ళెం ఎంత ఎత్తుకు పోతే పొద్దు అంత వెనక్కి జరుగుతోంది. కింద దీపాలు వెలిగించే వేళయింది. కాని గడువు తారకేతు కంటికి సూర్యుడు కనిపించినంతసేపు. అతని కంటికి ఇంకా ఎండ కాస్తూనే ఉంది.

కిందికి దిగమని మేచకుడు మంత్రాలు గుప్పించాడు. పళ్ళెం దిగలేదు.

“దిగదు. తాడు వదిలాక బొంగరం ఆడించినవాడి మాట వినదు. ఆ సంగతి నాకు తెలిసినంత బాగా లోకంలో ఎవరికీ తెలియదు. అది తెలుసుకోవడానికే కదా నీ దగ్గర అప్పు చేశాను,” అన్నాడు తారకేతు.

తిరిగే బొంగరానికి నట్టనడుమ కదలని చోటు ఒకటి ఉంటుంది. అతడు అప్పటికే అక్కడికి చేరి, పాదాలు దగ్గరగా పెట్టి నిలబడ్డాడు. నడుమ బరువు కుదిరినంతసేపు పళ్ళెం నిట్టనిలువుగా తిరుగుతూ పైకే పోతుంది. మేచకుడి పరిస్థితి వేరు. ఆ తిరుగుడుకు అంచు వైపు విసిరివేయబడి, గీత గట్టును రెండు చేతులా పట్టుకుని పొట్టమీద పడి ఉన్నాడు. దాటితే పేరు పోతుంది. వదిలితే ప్రాణం పోతుంది.

“అక్కడే ఉండండి కుమారా, నేను చేతులు మార్చుకుంటున్నాను,” అని కింది నుంచి వరాళి గొంతు వినిపించింది.

మేచకుడు పళ్ళు కొరుకుతూ తాను చదివిన ఆ సగం పేరును పలికాడు. తారకేతు ఎడమచెయ్యి తెగిన తాడులా వేలాడింది. ఎడమకాలు మొద్దుబారింది. ఒంటికాలి మీద ఊగి, మళ్ళీ నిలదొక్కుకున్నాడు. సగం శరీరం తనది కాకపోయినా నడిమి చోటు వదల్లేదు. ఇలాగే తెల్లవార్లూ నిలబడాలన్నా నిలబడతానని అన్నాడు. ఆ గొంతు విన్న మేచకుడు గట్టును ఇంకా గట్టిగా కరుచుకున్నాడు.

అప్పుడు తాబేటి చిప్ప పెట్టె కదిలింది.

మేచకుడి చంకలోంచి ఎప్పుడో జారిన ఆ పెట్టె ఇసుక మీద బెత్తెడు బెత్తెడుగా అంచు వైపు దొర్లుతోంది. మేచకుడు చూశాడు. గట్టు వదలలేక బావురుమన్నాడు. అది జారి పడితే కింద నడిసముద్రం. లక్కముద్రలతో శంఖాలు అడుగుకు చేరితే అందులోని పేర్లు ఇక ఎవరికీ దక్కవు. నల్ల ఓడలో తెడ్లు లయగా లేచి పడుతున్నాయి. అందులో విలువిద్య గురువు ఎక్కడో ఉన్నాడు.

తారకేతు సూర్యుడి వైపు ఒకసారి చూశాడు. నడుమ నుంచి తను కదిలితే పళ్ళెం ఒరుగుతుంది. ఒరిగితే దిగుతుంది. దిగితే పొద్దు గుంకుతుంది. ఇదంతా అతనికి బాగా తెలుసు.

“వరాళీ, గట్టిగా పట్టుకో,” అని చెప్పి నడిమి చోటు వదిలాడు.

పళ్ళెం పక్కకు వాలి, ఓడిపోయే బొంగరంలా తూలసాగింది. కుడిచేత్తో, కుడిమోకాలితో పాకుతూ పోయి, అంచు దాటబోయిన పెట్టెను దవడ కింద అదిమిపట్టాడు. మూత ఊడిపడింది. మొదటి శంఖం లక్కను పళ్ళతో పీకాడు. ఎవరిదో పేరు తనను తానే పెద్దగా పిలుచుకుంటూ, గూడు వదిలిన పావురంలా సముద్రం మీదికి ఎగిరిపోయింది. రెండోది నేలకేసి కొట్టాడు. మరొకటి, ఇంకొకటి. కింద నల్ల ఓడలో ఒక తెడ్డు ఆగింది. దాని పక్కది ఆగింది. ఎవరో లేచి నిలబడి ఏడుస్తూ పెళ్ళాం పేరు కేకవేశారు. వద్దు, వద్దు అని మేచకుడు గట్టు మీంచి మొత్తుకుంటున్నాడు. పళ్ళెం మెలికలు తిరుగుతూ దిగుతోంది. సూర్యుడు సగమయ్యాడు, పావయ్యాడు, సముద్రం అంచున నిప్పు గీత అయ్యాడు. నట్టనడిమి గుంటలోని ఉత్త శంఖం వాన ముందు గాలిలా ఊదడం మొదలుపెట్టింది.

ఆ ఊదు విని, గడకు వేలాడుతున్న వరాళి మర్యాదలన్నీ వదిలేసింది. గొంతు చిరిగేలా అతని పేరు పెట్టి పిలిచింది. “తారకేతూ. తారకేతూ. నా మాట విను, నువ్వు తారకేతువి.”

నిప్పు గీత ఆరిపోయింది.

ఇసుక మీద బోర్లా పడి ఉన్న యువకుడు ఆ కేక విన్నాడు. కింద ఎవరో అమ్మాయి ఎవరినో పిలుస్తోంది, పాపం ఎవరో ఆ మనిషి అనుకున్నాడు. అనుకుంటూనే తరవాతి శంఖం అందుకుని నేలకేసి కొట్టాడు. పెట్టెలో ఇంకా చాలా ఉన్నాయి.